తులసీదాస్, రహీం నిజంగా స్నేహితులేనా? మొఘల్ సేనాని, రామకథా కవి గురించి చరిత్ర చెప్పేదేంటి?

ఢిల్లీలో హుమాయూన్ సమాధి దాటి మథురా రోడ్డుపై కొంచెం ముందుకు వెళ్తే నిజాముద్దీన్ ఈస్ట్ పక్కన మరో పెద్ద గుమ్మటం కనిపిస్తుంది. దాని చుట్టూ ఉన్న పాలరాయి చాలావరకు పోయింది, లోపలి రాతి కట్టడం బయటపడింది. రోజూ వేల వాహనాలు దాని పక్కనుంచే వెళ్తుంటాయి. అది ఎవరి సమాధో తెలియనివారు కూడా, బళ్లో హిందీ చదువుకుని ఉంటే, అందులో ఉన్న మనిషి దోహా ఒక్కటైనా ఎప్పుడో బట్టీ పట్టే ఉంటారు.

ఆయన అబ్దుల్ రహీం ఖాన్-ఇ-ఖానాన్. అక్బర్, జహంగీర్‌ల దగ్గర మొఘల్ సైన్యాలను నడిపిన సేనాధిపతి. హిందీ పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆయన ‘కవి రహీం’.

ఉత్తర భారతంలో ఆయన పేరుతో పాటు తరచూ వినిపించే మరో పేరు గోస్వామి తులసీదాస్. ‘రామచరిత్ మానస్’ రాసిన కవికీ, దక్కన్‌పై దండెత్తిన సేనానికీ మధ్య గాఢమైన స్నేహం ఉండేదని నాలుగు వందల ఏళ్ల నాటి ఈ జంట గురించి చెబుతారు. మత సామరస్యం గురించి మాట్లాడే సభల్లో ఈ ఉదాహరణ తప్పనిసరి. సోషల్ మీడియాలో ఇదే కథ రకరకాల రూపాల్లో తిరుగుతుంటుంది.

మరి ఇందులో చరిత్ర ఎంత? కథ ఎంత? ఇది పండితుల చర్చకే పరిమితమైన ప్రశ్న కాదు. ఒక సామరస్య గాథను నిరూపించలేకపోతే, దాని వెనకున్న సామరస్యమే అబద్ధమని తేల్చేయడానికి ఇప్పుడు చాలామంది సిద్ధంగా ఉన్నారు. అందుకే ఏది రుజువైందో, ఏది కాలేదో విడివిడిగా చూడటం అవసరం.

ఇంతకీ ఆ కథ ఏమిటి?

ఎక్కువగా చెప్పే కథ ఇది. కూతురి పెళ్లికి డబ్బు లేక ఒక పేద బ్రాహ్మణుడు తులసీదాస్ దగ్గరికి వస్తాడు. ఆయన దగ్గర డబ్బెక్కడిది? ఒక కాగితం మీద సగం దోహా రాసి, దాన్ని రహీంకు ఇవ్వమని పంపుతాడు. సంపద కావాలని కోరుకోని స్త్రీ ఏ లోకంలోనూ ఉండదన్నది ఆ సగం పద్యం భావం.

రహీం ఆ బ్రాహ్మణుడికి కావలసినంత డబ్బిచ్చి, అదే కాగితం మీద మిగతా సగం పూర్తి చేసి తిప్పి పంపాడంటారు. తులసి లాంటి కొడుకు కావాలనే ఏ తల్లి అయినా కోరుకుంటుందన్నట్టుగా ఆయన దాని అర్థాన్నే మలుపు తిప్పాడు. అందులో వాడిన ‘హులసీ’ అనే మాటకు సంతోషించినది అని అర్థం. తులసీదాస్ తల్లి పేరు కూడా హులసీయేనని సంప్రదాయం చెబుతుంది.

చమత్కారం బాగుంది. హిందీ సాహిత్య చరిత్రకారుడు ఆచార్య రామచంద్ర శుక్ల కూడా ఈ కథను ప్రస్తావించారు. అయితే జనశ్రుతిగానే, అంటే జనం చెప్పుకునే మాటగానే. మరోవైపు తులసీదాస్ తల్లి పేరు హులసీ అని చెప్పడానికి కొందరు ఈ సగం దోహానే సాక్ష్యంగా చూపుతారు. ఒక కథ మరో కథకు ఇలా ఆధారమైపోతుంది. ఈ స్నేహం గురించి వెతికేటప్పుడు అడుగడుగునా ఎదురయ్యే చిక్కు ఇదే.

ఎవరీ రహీం?

రహీం 1556 డిసెంబరులో లాహోర్‌లో పుట్టారు. తండ్రి బైరాం ఖాన్, పదమూడేళ్ల అక్బర్‌ను గద్దెపై నిలబెట్టిన సంరక్షకుడు. తల్లి మేవాత్ నాయకుడు జమాల్ ఖాన్ కూతురు. నేడు హరియాణాలోని నూహ్ జిల్లా, దాని చుట్టుపక్కల రాజస్థాన్ ప్రాంతాలే ఆ మేవాత్. అంటే ఇప్పటి ఢిల్లీ రాజధాని ప్రాంతంలో రహీంకున్నది సమాధి ఒక్కటే కాదు, అమ్మమ్మగారి ఊరు కూడా ఇక్కడే.

1561లో మక్కా యాత్రకు బయలుదేరిన బైరాం ఖాన్ గుజరాత్‌లోని పాటన్ దగ్గర హత్యకు గురయ్యారు. అప్పటికి రహీంకు నాలుగేళ్లు. పిల్లవాణ్ని అక్బర్ తన దగ్గరికి రప్పించి పెంచారు. పార్సీ, తుర్కీ, అరబ్బీలతో పాటు సంస్కృతం, హిందవీ కూడా ఆయనకు వచ్చేవి.

1584 జనవరిలో గుజరాత్ మాజీ సుల్తాన్ ముజఫర్ షా తిరుగుబాటును అణచేందుకు రహీంను పంపారు. సర్ఖేజ్ దగ్గర తన సేన కన్నా చాలా పెద్ద సేనను 27 ఏళ్ల వయసులో ఓడించారు. ఆ విజయంతోనే తండ్రి బిరుదు ‘ఖాన్-ఇ-ఖానాన్’ ఆయనకు దక్కింది. గెలిచిన తర్వాత తన దగ్గరున్నదంతా సైనికులకు పంచేశారని, తనకేమీ దక్కలేదంటూ చివర్లో వచ్చిన ఒకరికి మిగిలిన సిరాబుడ్డి ఇచ్చారని తర్వాతి తరం పార్సీ రచనలు చెబుతాయి.

1589లో ఆయన బాబర్ ఆత్మకథను చగతాయ్ తుర్కీ నుంచి పార్సీలోకి అనువదించి అక్బర్‌కు సమర్పించారు. ఆ అనువాదం ఇప్పటికీ ఉంది, చరిత్రకారులు ఇప్పటికీ వాడుతున్నారు. 1591, 92ల్లో సింధ్‌లోని ఠట్టాను మొఘల్ సామ్రాజ్యంలో కలిపారు. తర్వాత ఆయన జీవితంలో ఎక్కువ భాగం దక్కన్‌లోనే గడిచింది.

గోదావరి ఒడ్డున గోల్కొండ సేనతో...

తెలుగు ప్రాంతంతో రహీంకున్న సంబంధం యుద్ధభూమిలోది. 1597 ఫిబ్రవరిలో ఇప్పటి మహారాష్ట్రలోని గోదావరి తీరంలో సోన్‌పేట్ ప్రాంతంలో ఆయన ఒక భారీ కూటమి సేనను ఎదుర్కొన్నారు. బీజాపూర్ సేనాని సుహైల్ ఖాన్ నడిపించిన ఆ కూటమిలో అహ్మద్‌నగర్ సైన్యంతో పాటు గోల్కొండ కుతుబ్‌షాహీల దళం కూడా ఉంది. అప్పటి గోల్కొండ పాలకుడు హైదరాబాద్‌ను నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా. ఆయనా కవే.

పోరు రాత్రి కూడా ఆగలేదు. మొఘలుల పక్షాన పోరాడిన ఖాందేశ్ పాలకుడు రాజా అలీ ఖాన్ చనిపోయారు. ఓడిపోతే మిమ్మల్ని ఎక్కడ వెతకాలని తన అనుచరుడు అడిగితే, శవాల కింద అని రహీం జవాబిచ్చారన్న కథ ఈ యుద్ధానిదే. చివరికి గెలిచింది రహీం.

కాబట్టి తులసీదాస్ స్నేహితుడిగా చెప్పే మనిషి తీరిక దొరికినప్పుడు కత్తి పట్టిన కవి కాదు. సామ్రాజ్యం కోసం రాజ్యాలను జయించిన, మొఘల్ పెత్తనాన్ని విస్తరించిన సేనాని. దోహాల్లో కనిపించే వినయానికీ ఈ జీవితానికీ పొంతన కుదరడం కష్టం. ఆ పొంతన కుదర్చాలన్న కోరికే బహుశా ఇన్ని కథలకు పుట్టిల్లు.

ఆ సమయంలో తులసీదాస్ ఎక్కడున్నారు?

తులసీదాస్ పుట్టిన సంవత్సరంపై భిన్నాభిప్రాయాలున్నాయి. ఎక్కువమంది 1532 అంటారు. ‘మానస్’ను 1574లో అయోధ్యలో మొదలుపెట్టినట్లు ఆయనే ఆ గ్రంథంలో చెప్పుకున్నారు. జీవితంలో ఎక్కువ భాగం కాశీలో గడిపి, 1623లో అక్కడే కన్నుమూశారు. రహీం చనిపోయింది 1627లో. వయసులో తేడా ఉన్నా ఇద్దరూ సమకాలికులే.

రాజులకు కృతులు అంకితమిచ్చే కవి కాదు తులసీదాస్. మామూలు మనుషులను పొగిడితే సరస్వతి తల కొట్టుకుని పశ్చాత్తాపపడుతుందని ‘మానస్’ మొదట్లోనే అంటారు. తెలుగు పాఠకులకు ఇది కొత్త మాట కాదు. భాగవతాన్ని రాజులకు కాకుండా రాముడికి అంకితమిచ్చిన పోతన పట్టుదల ఇలాంటిదే.

అలాంటి కవికి మొఘల్ ప్రభువులతో పరిచయాలు ఉండేవా? ఆయన కాశీ జీవితం గురించి ఒక గట్టి ఆధారం ఉంది. 1612లో ఆయన మిత్రుడు, స్థానిక భూస్వామి తోడర్ వారసుల మధ్య ఆస్తి పంపకం జరిగినప్పుడు రాసిన పత్రం అది. పార్సీ, హిందీ రెండూ ఉన్న ఆ పత్రంలో మొదటి పంక్తులు తులసీదాస్ చేతిరాతేనని సంప్రదాయంగా నమ్ముతారు. పేరు పోలిక వల్ల ఈ తోడర్‌ను అక్బర్ ఆర్థిక మంత్రి రాజా తోడర్‌మల్‌గా పొరబడినవారున్నారు. ఆ తోడర్‌మల్ 1589లోనే చనిపోయారు. తులసీదాస్ స్నేహితుడు ఆయన కాదు, కాశీలో ఉండే ఒక గృహస్థు.

చుట్టూ ఉన్నవారు పెద్దవారైతే కవి కీర్తి ఇంకా పెరుగుతుందన్న ధోరణి ఇక్కడ తెలిసిపోతుంది. ఊరి తోడర్ దర్బారు తోడర్‌మల్ అయినట్టే, రహీం విషయంలోనూ జరిగిందా?

ఇద్దరూ కలుసుకునే వీలుందా?

వీలైతే ఉంది. 1589లో రాజా తోడర్‌మల్ చనిపోయాక రహీంను వకీల్ పదవిలో నియమించారు. అదే కాలంలో ఆయనకు జౌన్‌పూర్ జాగీరుగా వచ్చింది. జౌన్‌పూర్ నుంచి కాశీకి సుమారు 60 కిలోమీటర్లు. అయితే 1591 నాటికి ఆయన జాగీరు ముల్తాన్‌కు మారింది, ఆయన దృష్టి సింధ్ వైపు మళ్లింది. పైగా మొఘల్ వ్యవస్థలో జాగీరు ఉన్నంత మాత్రాన ప్రభువు అక్కడే కాపురం ఉన్నట్టు కాదు. ఆదాయం వసూలు చేయడానికి మనుషులుండేవారు.

కాబట్టి కలుసుకుని ఉండవచ్చు అనగలం. కలుసుకున్నారు అనలేం.

రాసిపెట్టిన ఆధారాలు ఏమంటున్నాయి?

అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో అక్బర్ కాలంలోని పండితులు, కవులు, సంగీతకారుల జాబితాలున్నాయి. తులసీదాస్ పేరు వాటిలో లేదు. రహీం సొంత ఆస్థానంలో అబ్దుల్ బాకీ నహావందీ అనే రచయిత ఆయన జీవితంపై ‘మఆసిర్-ఇ-రహీమీ’ అనే పెద్ద పార్సీ గ్రంథాన్ని 1616లో పూర్తి చేశారు. రహీం ఆదరించిన కవుల వివరాలు అందులో విస్తారంగా ఉన్నాయి. కానీ ఆయన దృష్టి అంతా ఇరాన్ నుంచి, ఇతర చోట్ల నుంచి వచ్చిన పార్సీ కవులపైనే.

ఈ నిశ్శబ్దానికి రెండు అర్థాలు చెప్పుకోవచ్చు. ఒకటి, స్నేహం లేదు. రెండోది, పార్సీలో రాసేవారికి కాశీలో అవధీలో రామకథ రాసుకునే బైరాగి కనిపించలేదు. రహీం సొంత హిందీ కవిత్వం గురించే పార్సీ రచనలు తక్కువగా మాట్లాడతాయి కాబట్టి రెండోదాన్ని కొట్టిపారేయలేం. రాయకపోతే జరగనట్టు కాదు. కానీ దాన్నే రుజువుగా చూపలేం కూడా.

బ్రిటిష్ చరిత్రకారుడు విన్సెంట్ స్మిత్ 1917లో అక్బర్ జీవిత చరిత్ర రాస్తూ, ఆ కాలపు భారతదేశంలో అక్బర్ కన్నా గొప్పవాడు తులసీదాసేనన్నారు. రాజా మాన్‌సింగ్, రహీంలతో స్నేహం ఉన్నా, ఆయన పేరు చక్రవర్తి దృష్టికి వచ్చినట్లు లేదని ఆశ్చర్యపోయారు కూడా. ఇంగ్లిష్‌లో చదువుకున్నవారికి ఈ స్నేహం చరిత్రగా అందింది ఇలాంటి పుస్తకాల నుంచే. ఆ పుస్తకాలకు అందింది మాత్రం సంప్రదాయ కథల నుంచి.

‘మూల్ గోసాయీఁ చరిత్’ కథ

ఈ స్నేహానికి లిఖిత ఆధారంగా చూపే పుస్తకం ఒకటుంది. తులసీదాస్ శిష్యుడు వేణీమాధవ్ దాస్ గురువు చనిపోయిన కొద్ది ఏళ్లకే రాశారని చెప్పే ‘మూల్ గోసాయీఁ చరిత్’. రహీం కొన్ని బర్వై పద్యాలు రాసి తులసీదాస్‌కు పంపారని, అవి చూసి ఆయన అదే ఛందస్సులో రామాయణం రాశారని అందులో ఉంది.

ఇబ్బందేమిటంటే, ఈ పుస్తకం 1920ల్లో అచ్చయ్యాకే లోకానికి తెలిసింది. అందులో తులసీదాస్ జీవితంలోని ప్రతి ఘట్టానికీ తిథి, వారాలతో సహా లెక్కలున్నాయి. ఆయన్ని చూడటానికి రానివారు లేరు. సూర్‌దాస్ వస్తాడు, కేశవదాస్ వస్తాడు, మీరాబాయి ఉత్తరం రాస్తుంది.

రామచంద్ర శుక్ల, మాతాప్రసాద్ గుప్త వంటి పండితులు దీన్ని నమ్మలేదు. శుక్ల పట్టుకున్న ఒక కీలకం ఆసక్తికరం. ఆ పుస్తకంలో ‘సత్యం శివం సుందరం’ అనే మాట ఉంది. వినడానికి ఉపనిషత్ వాక్యంలా ఉంటుంది గానీ, పాశ్చాత్య తత్వంలోని సత్యం, మంచి, అందం అనే త్రయానికి బ్రహ్మసమాజం ద్వారా వచ్చిన అనువాదం అదని శుక్ల వాదన. పదిహేడో శతాబ్దపు శిష్యుడి కలంలోకి పంతొమ్మిదో శతాబ్దపు మాట ఎలా వచ్చింది? కాబట్టి ఈ పుస్తకాన్ని సాక్షిగా పిలవడం కష్టం.

బర్వై: ఇద్దరినీ కలిపే చిన్న ఛందస్సు

ఆ పుస్తకాన్ని పక్కన పెట్టినా, అది ప్రస్తావించిన విషయం ఒకటి మిగులుతుంది. బర్వై చాలా చిన్న ఛందస్సు. ఒక పాదంలో పన్నెండు, ఏడు మాత్రల రెండు భాగాలుంటాయి. దోహా కన్నా పొట్టిది. అవధీ భాషకు బాగా అమరుతుంది.

సెలవు మీద ఇంటికెళ్లి ఆలస్యంగా తిరిగొచ్చిన ఒక సేవకుడి భార్య రాసి పంపిన పద్యం చదివి రహీం ఈ ఛందస్సుపై మనసు పడ్డారని కథ. కథను అలా ఉంచితే, రహీం పేరున ‘బర్వై నాయికా భేద్’ ఉంది. తులసీదాస్ పేరున 69 పద్యాల ‘బర్వై రామాయణ్’ ఉంది. పెద్దగా వాడుకలో లేని ఒకే ఛందస్సులో, ఒకే భాషలో, ఒకే కాలంలో ఇద్దరు ప్రసిద్ధులు రాయడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

ఒకరి పద్యాలు మరొకరికి చేరి ఉండటానికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాల్సిన అవసరం లేదు. పాడేవారు, నకళ్లు రాసేవారు, యాత్రికులు చాలు. స్నేహానికి ఇది రుజువు కాదు. ఇద్దరి కవిత్వాలూ ఒకే గాలి పీల్చాయనడానికి మాత్రం మంచి ఆనవాలు.

ఢిల్లీ పాదుషా, కోతుల దండు

తులసీదాస్‌కూ మొఘల్ అధికారానికీ మధ్య జనం చెప్పుకునే కథ ఇంకొకటుంది. అది స్నేహం కథ కాదు. 1712లో ప్రియాదాస్ రాసిన భక్తమాల వ్యాఖ్యానంలో ఇది కనిపిస్తుంది. ఢిల్లీ పాదుషా తులసీదాస్‌ను పిలిపించి ఏదైనా మహిమ చూపమంటాడు. తనకు తెలిసింది రాముడొక్కడేనని కవి అంటాడు. పాదుషా ఆయన్ని బందీ చేస్తాడు. వెంటనే కోతుల దండు వచ్చి కోటను చిందరవందర చేస్తుంది. పాదుషా కాళ్లమీద పడతాడు.

తులసీదాస్ బతికున్న కాలంలో మొఘల్ దర్బారు ఎక్కువగా ఆగ్రా, ఫతేపూర్ సిక్రీ, లాహోర్‌లలో ఉండేది. ఢిల్లీలో షాజహాన్ కొత్త రాజధాని వెలిసింది ఆయన పోయిన తర్వాతే. ఈ కథలో ఢిల్లీ ఒక ఊరు కాదు, అధికారానికి మారుపేరు.

ఈ కథలో చక్రవర్తి కవిని చెరలో పెడతాడు. రహీం కథలో అదే చక్రవర్తి సేనాధిపతి కవి పంపిన చీటీకి తలవంచుతాడు. రెండింటికీ రుజువుల్లేవు. రెండింటిలోనూ చివరికి గెలిచేది కవే. ఈ రోజుల్లో ఒక వర్గం మొదటి కథను మాత్రమే, మరో వర్గం రెండో కథను మాత్రమే చెబుతుంది. పాత కాలపు శ్రోతలు మాత్రం రెండూ విన్నారు, రెండూ దాచుకున్నారు.

తెలుగువారికి తెలిసిన దారే

గోల్కొండ తానీషా, భద్రాచల రామదాసుల గాథలో ఈ రెండు కథలూ కలిసిపోయి ఉంటాయి. చెరలో పెట్టినవాడే చివరికి రామలక్ష్మణులను కళ్లారా చూసిన అదృష్టవంతుడవుతాడు. శ్రీనాథుడు, పోతన బావమరదులన్న కథ కూడా ఇలాంటిదే. ఒకరు రాజాశ్రయానికి, మరొకరు రామభక్తికి ప్రతీకలు కాబట్టి వారిని ఒకే ఇంటివాళ్లను చేస్తే కథ పండుతుంది. దానికి చారిత్రక ఆధారం లేదని పండితులు ఎంత చెప్పినా జనం వదల్లేదు.

అయితే తెలుగు సాహిత్యానికి ఒక వెసులుబాటు ఉంది. కృతిభర్త పేరు కావ్యం అవతారికలోనే ఉంటుంది. రహీం కాలానికి దగ్గర్లోనే పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చ తెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను పటాన్‌చెరు ప్రాంతానికి చెందిన కుతుబ్‌షాహీ అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఇబ్రహీం కుతుబ్ షాకు అంకితమైంది. అక్కడ అనుబంధానికి సాక్ష్యం పుస్తకంలోనే ఉంది. ఎవరికీ అంకితమివ్వని తులసీదాస్ విషయంలో అలాంటి అవతారిక దొరకదు.

రుజువున్న రామాయణం

రహీంకూ రామకథకూ ఉన్న బంధాన్ని నిరూపించే వస్తువు ఒకటి నిజంగానే ఉంది. అది ఇప్పుడు అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది.

అక్బర్ ఆదేశంతో వాల్మీకి రామాయణాన్ని పార్సీలోకి అనువదించారు. ఆ పని అప్పగించిన బదాయూనీకి అది ఏమాత్రం ఇష్టం లేదు. ఆ అయిష్టాన్ని ఆయన తన చరిత్ర గ్రంథంలో దాచుకోలేదు కూడా. రహీం మాత్రం ఆ అనువాదానికి తన కోసం ఒక ప్రతి చేయించుకోవాలనుకున్నారు. చక్రవర్తి అనుమతి తీసుకుని, తన సొంత చిత్రకారులతో బొమ్మలు వేయించారు. పదహారో శతాబ్దం చివర్లో మొదలై మరుసటి శతాబ్దం తొలినాళ్ల దాకా సాగిన ఆ పనిలో తయారైన పూర్తి పుట చిత్రాలు సుమారు 130 ఉన్నాయి. ఆ ప్రతి తనకెలా తయారైందో రహీం స్వయంగా తన చేతిరాతతో అందులో రాసుకున్నారు. ఈ ప్రతిని జాన్ సెయిలర్ అనే కళాచరిత్రకారుడు లోతుగా అధ్యయనం చేసి 1999లో పుస్తకం ప్రచురించారు.

దక్కన్‌లో యుద్ధాలు చేస్తున్న సంవత్సరాలవే. ఒకవైపు గోదావరి ఒడ్డున సేనలు, మరోవైపు చిత్రశాలలో సీతారాముల బొమ్మలు. ఇక్కడ జనశ్రుతి అవసరం లేదు. కాగితం ఉంది, రంగు ఉంది, చేతిరాత ఉంది.

ఇది తులసీదాస్ రామాయణం కాదన్నది గుర్తుంచుకోవాలి. అలాగే ‘మానస్’ హిందువులకు వేదం, ముస్లింలకు ఖురాన్ అన్న భావంతో రహీం పేరున తిరిగే దోహా నిజంగా ఆయనదేనా అని అడగడంలో తప్పులేదు. దోహాలు నోటి నుంచి నోటికి ప్రయాణిస్తాయి. దారిలో పేర్లు మారుతుంటాయి. వేమన పేరున తిరిగే పద్యాలన్నీ వేమనవి కానట్టే ఇదీ.

అందుకు మంచి ఉదాహరణ మరో కథ. దానం చేసేటప్పుడు చెయ్యి పైకెత్తుతూ కళ్లెందుకు కిందికి దించుతావని ఒకరు అడిగితే, ఇచ్చేవాడు వేరే ఉన్నాడు, జనం నన్ను పొగుడుతుంటే సిగ్గుతో తల వంగుతోందని రహీం జవాబిచ్చారంటారు. అడిగింది ఆయన ఆదరించిన కవి గంగ్ అని కొందరు, తులసీదాస్ అని మరికొందరు చెబుతారు. గంగ్‌కు ఒకే ఒక్క పద్యానికి రహీం 36 లక్షలు ఇచ్చారన్న కథ కూడా ఉంది. ఎక్కువమందికి తెలిసిన పేరు వైపు ప్రశ్న జరిగిపోయినట్టుంది.

చివరి రోజులు

జహంగీర్ కాలంలో రహీం దశ తిరగబడింది. దక్కన్‌లో మలిక్ అంబర్ ఆయన్ని ముప్పుతిప్పలు పెట్టాడు. 1620ల్లో షాజహాన్ తండ్రిపై తిరగబడినప్పుడు రహీం అటు నిలబడ్డారు. డెబ్బై ఏళ్ల వయసులో ద్రోహం చేశాడని జహంగీర్ తన ఆత్మకథలో ఆయన్ని నిందించారు. కొడుకు దారాబ్ ఖాన్ తల నరికి, పుచ్చకాయ అని చెప్పి తండ్రికి పంపించారన్న దారుణం ఆ రోజులదే.

కష్టం వచ్చిన రోజుల్లో ఆయన చిత్రకూటంలో తలదాచుకున్నారని, కష్టాల్లో ఉన్నవారు వచ్చే చోటు అదేనని అక్కడ దోహా చెప్పారని సంప్రదాయం. రాముడు వనవాసంలో గడిపిన చోటు, తులసీదాస్ తిరిగిన చోటు అది. చివరికి జహంగీర్ క్షమించి బిరుదు తిరిగిచ్చారు. 1627లో రహీం ఢిల్లీలో కన్నుమూశారు. 1598లో భార్య మాహ్ బానూ కోసం తాను కట్టించిన సమాధిలోనే ఆయన్నీ ఖననం చేశారు.

పద్దెనిమిదో శతాబ్దంలో సఫ్దర్‌జంగ్ సమాధి కట్టేందుకు ఈ గుమ్మటం పాలరాయిని ఊడదీసుకుపోయారు. తర్వాత అది చాలాకాలం శిథిలంగానే ఉండిపోయింది. భారత పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, ఇంటర్‌గ్లోబ్ ఫౌండేషన్ నిధులతో 2014లో మరమ్మతులు మొదలుపెట్టింది. 2020 డిసెంబరులో సందర్శకుల కోసం తెరిచారు. గుమ్మటం కింది భాగంలో కొంత మేర పాలరాయిని మళ్లీ అమర్చారు. మిగతాది అలాగే వదిలేశారు. ఏది పాతదో, ఏది పోయిందో చూసేవారికి తెలుస్తుంది.

అయితే ఏమని చెప్పాలి?

తులసీదాస్, రహీం ఒకే కాలంలో జీవించారు. ఒక దశలో 60 కిలోమీటర్ల దూరంలో ఒకరి ఇల్లు, మరొకరి జాగీరు ఉన్నాయి. ఒకే భాషలో, ఒకే అరుదైన ఛందస్సులో రాశారు. ఇద్దరూ రామకథ కోసం ఏళ్ల తరబడి శ్రమపడ్డారు. ఒకరు రాశారు, మరొకరు బొమ్మలు వేయించుకున్నారు. ఇంతవరకు చరిత్ర.

ఒకరికొకరు చీటీలు పంపుకున్నారన్నది జనం చెప్పుకున్న కథ. దాన్ని కథగానే చెప్పుకుంటే దాని విలువేమీ తగ్గదు. తమ కాలపు గొప్ప కవికి స్నేహితుడిగా ఎవరు తగునా అని ఉత్తర భారత పల్లెలు ఆలోచించుకుని, మొఘల్ సేనాధిపతిని ఎంచుకున్నాయి. ఆయన మతం వారికి అడ్డు కాలేదు, ఆయన కత్తి కూడా అడ్డు కాలేదు. ఆయన చెయ్యి చూశారు, ఆయన పద్యం విన్నారు. ఆ ఎంపిక చేసుకున్నది జనమే కాబట్టి, అది కూడా చరిత్రలో భాగమే. దాన్ని నిలబెట్టడానికి లేని పత్రాలను సృష్టించాల్సిన పనిలేదు.